బు ఎస్తి అడిగిన ప్రశ్నలు

"ఇసుకలో బంకమన్ను ఎంత కలుపుతారు, పాక్?"

వగిమిన్ చేతిలోని ఇసుక ముద్దను మూసపెట్టెలోకి విసిరి తలెత్తి చూశాడు. అది పదో ప్రశ్న. ఇంకా ఉదయం ఎనిమిదైనా కాలేదు.

"ఎంతో చేతికే తెలుస్తుంది, బు." ఆమె అయ్యా అన్నట్టు పాక్ అంటే, అతను అమ్మా అన్నట్టు బు అన్నాడు.

"మరి మీ చెయ్యి ఎంత కలుపుతుంది?"

నవ్వుతూనే అడిగింది ఆమె. నవ్వుతూనే అట్టకు బిగించిన కాగితం మీద ఏదో టిక్కు పెట్టుకుంది.

చెపెర్‌లోని ఆ ఇనుప పోత కార్ఖానాలో వగిమిన్‌ది ముప్పై రెండేళ్ల పని. ఇప్పుడు పెద్ద మేస్త్రి. క్లాతెన్ వృత్తి విద్యా పాఠశాలకూ కార్ఖానాకూ ఏదో ఒప్పందం కుదిరిందట. "ఈవిడ బు ఎస్తి, ఆ బడి నుంచి వచ్చారు. మూడు రోజులు నీ పక్కనే ఉండి పని చూస్తారు, కాంగ్," అని యజమాని హందోకో పరిచయం చేశాడు. తండ్రి కాలం నుంచి ఉన్న మనిషని వగిమిన్‌ని అతను అన్నగా చూస్తాడు, కాంగ్ అనే పిలుస్తాడు. ఈసారి మాత్రం ఆ మాటంటూనే చూపు తప్పించి ఆఫీసులోకి వెళ్లిపోయాడు. అది వగిమిన్‌కి నచ్చలేదు.

నాలుగేళ్ల కిందట ఇలాగే ఒకడు నేర్చుకుంటానని వచ్చాడు. వగిమిన్ ఏదీ దాచుకోకుండా నేర్పాడు. ఎనిమిది నెలలు తిరిగేసరికి వాడు రోడ్డుకు అవతల సొంత కొలిమి పెట్టి, నీటి పంపుల ఆర్డర్లన్నీ ఎగరేసుకుపోయాడు.

మధ్యాహ్నం అన్నం తింటుండగా బు ఎస్తి అంది. "మా బడిలో పోత పని నేర్పడానికి అనుభవమున్న మేస్త్రి కోసం చూస్తున్నాం, పాక్. మిమ్మల్ని పిలిస్తే వస్తారా?"

వగిమిన్ గుండె ఒక్కసారి ఎగిరిపడింది. "ఐదో తరగతితో మానేసినవాణ్ణి. నన్నెవరు పిలుస్తారు, బు?"

"పిలిస్తే?"

వస్తానన్న మాట నోటిదాకా వచ్చింది. అంతలో ఆమె, "మీ గుర్తింపు కార్డు ఒకసారి ఇస్తారా? నంబరు రాసుకోవాలి," అంది.

కొరకబోతున్న సోయా టెంపే ముక్కను వగిమిన్ తిరిగి పళ్లెంలో పెట్టేశాడు. ఓహో, నా వివరాలు లాగడానికి ఈ పిలుపు ఎరన్నమాట, అనుకున్నాడు.

రెండో రోజు ఆమె అతను పని చేస్తుంటే చేతుల్ని ఫొటోలు తీసింది. కంటిచూపు ఎలా ఉందని అడిగింది. ఇంకా ఎన్నేళ్లు పని చేద్దామనుకుంటున్నారని అడిగింది. సాయంత్రం ఆఫీసు కిటికీ పక్కగా పోతుంటే లోపల హందోకో గొంతు వినబడింది.

"ఆయనకి మాత్రం తెలియకూడదు, బు. రేపటితో అయిపోతుందిగా."

ఇంటికి పోయి భార్య సుతినాతో చెప్పాడు. "నన్ను పంపేసి బడిపిల్లల్ని పెట్టుకుంటారే. అందుకే నా పనంతా కాగితానికెక్కిస్తోంది."

"హందోకోనే అడిగెయ్యరాదూ?"

"అడిగితే చెప్తాడా? ఉండు, రేపు ఆవిడకి మంచి పాఠమే చెప్తాను."

మూడో రోజు పొద్దున్నే పనివాళ్లను దూరంగా పంపేసి ఒక చిన్న మూస సిద్ధం చేశాడు. ఇసుకలో నీళ్లు ఎక్కువ పోశాడు. "ఇంతే తడి ఉండాలి, బు," అన్నాడు. కరిగిన ఇనుము మీద తేలుతున్న చిట్టెం తీయలేదు. గరిటెలోని ఇనుము చల్లారి చిక్కబడేదాకా ఊరికే నిలబడ్డాడు.

"ఇప్పుడు పోయొచ్చంటారా, పాక్?" ఆమె గొంతులో ఏదో తేడా.

"భేషుగ్గా."

మూస బుసబుసమని ఆవిరి కక్కింది. పగలగొట్టి తీస్తే ముక్క నిండా చిల్లులు. తెలిసి తెలిసి పోత చెడగొట్టడం అతనికి ఇదే మొదటిసారి. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

బు ఎస్తి ఆ ముక్కనే చాలాసేపు చూసింది.

"ఒంట్లో బాగుందా, పాక్? కావాలంటే రేపు మళ్లీ వస్తాను. ఇంకో మూస పోసి చూపిద్దురు గాని."

"నాకేం, రాయిలా ఉన్నాను. నాకు తెలిసిందంతా ఇంతే."

"ఒక్కసారి ఆలోచించుకుని చెప్పండి."

"ఇంతే, బు."

ఆమె కలం కాగితం మీద ఆగింది. తర్వాత నెమ్మదిగా ఏదో రాసి, సంతకం పెట్టి, మోటారుసైకిలెక్కి వెళ్లిపోయింది. ఆమె కళ్లలో దిగులు చూసి వగిమిన్‌కి కడుపు నిండినట్టయింది.

కాసేపటికి హందోకో వేయించిన లుంపియా చుట్టల పొట్లం పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఎలా జరిగింది, కాంగ్?"

వగిమిన్ చిల్లుల ముక్క చూపించాడు. "ఇదిగో, ఈ చెత్త నేర్చుకుని పోయింది. ఒక్క ముక్క నిజం చెప్పలేదు."

హందోకో ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు. పొట్లం పక్కకు జారిపోయింది.

"పని నేర్పే మేస్త్రి కావాలంటే బడి వాళ్లకి నేనిచ్చింది నీ పేరే కదయ్యా!"

"నా పేరా? మరి నాకెందుకు చెప్పలేదు?"

"పోయినేడు సర్టిఫికెట్ కోసం పంపిస్తే, హాల్లో ప్రశ్నల కాగితం చేతికివ్వగానే చెమటలు పట్టి లేచొచ్చేశావు. అందుకే నీకు తెలియనివ్వొద్దని నేనే ఆవిణ్ణి బతిమాలాను."

"ఏం తెలియనివ్వొద్దని?"

హందోకో తల వంచుకునే చెప్పాడు.

"ఈ మూడు రోజులూ జరిగింది నీ పరీక్షే, కాంగ్."