గోడ మీద గీత

భుజానికి ఆపరేషనయ్యాక, గోడ మీద వేళ్ళు పాకిస్తూ చెయ్యి రోజూ కాస్త పైకి తీసుకెళ్ళమన్నాడు డాక్టరు. మా ఆయన వడ్రంగి. చెవి మీది పెన్సిల్ తీసి, పడకగది గోడకి ఒక గీత గీశాడు.

"ఇక్కడికి అందిందంటే నీకు నయమైపోయినట్టే."

రోజూ పనినుంచి రాగానే నా పక్కనే నిలబడేవాడు. "ఇంకో రెండు వేళ్ళంతే, పంటి బిగువున ఓర్చుకో!" నా కళ్ళు చెమర్చేవి, నొప్పికి మాత్రమే కాదు.

నిన్న అందింది.

ఆయన చప్పట్లు కొట్టి, ఇన్నాళ్ళూ మాకు వండిపెడుతున్న వాళ్ళక్కకి ఫోన్ చేశాడు. "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదక్కా."

తర్వాత నావైపు తిరిగి, "ఏదీ, టీ పెట్టు" అన్నాడు.

టీపొడి డబ్బా వంటింట్లో ఆయన బిగించిన పై అరలో ఉంది. చెయ్యెత్తాను. సరిగ్గా గోడ మీది గీతంత ఎత్తు. వడ్రంగి కొలత కదా, వెంట్రుకవాసి తేడా లేదు.