శనివారం తనిఖీ

జగదీశ్ మాట తప్పుతాడని కాటయ్య మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నాడు. పదకొండు ఎకరాలున్నవాడికి మాటంటే లెక్కేముంటుంది? త్రిపురారం హోటల్లో ఈ ముక్క ఎన్నిసార్లు అన్నాడో, చాయ్ పోసేవాడికి కూడా కంఠతా వచ్చేసింది.

నిరుడు అడవిపందుల కోసం గట్టు మీద పరిచిన కరెంటు తీగ తగిలి గోపమ్మ పాడిబర్రె చచ్చింది. గోపమ్మ నాలుగడుగులు వెనక ఉంది కాబట్టి బతికింది. గట్టుకు ఇటు కాటయ్య పొలం, అటు జగదీశ్ పొలం. ఇద్దరూ తీగలు పెట్టేవాళ్లే. చంపిన తీగ నాదని ఇద్దరిలో ఒక్కడూ అనలేదు.

సర్పంచ్ కరుణ ఇద్దరినీ పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టింది.

"పేపర్ల చదివిన. రెండు పెద్ద దేశాలు ఒప్పందం రాసుకొని, ఒకల బాంబులు ఒకలు పోయి లెక్కవెట్టుకునేటోళ్లంట. మీయి రెండు తీగ చుట్టలు. మీకేం రోగం?"

"ఆళ్లకు దోస్తానా ఉండొచ్చు," అన్నాడు కాటయ్య.

"దోస్తానా ఉంటే లెక్కవెట్టుడెందుకు కాటన్నా? నమ్మకం లేకనే!"

రెండు చుట్టలూ ఆఫీసు బీరువాలో పడ్డాయి. ఇకపై ప్రతి శనివారం ఒకరి ఇల్లూ షెడ్డూ ఇంకొకరు వెతకాలి. మళ్లీ తీగ దొరికితే ఐదు వేలు దండుగ అని కరుణ రాయబోయింది.

కాటయ్య కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "ఐదు వేలు పటేల్‌కు ఒక లెక్కనా? భూమి రాయుండ్రి. మాట తప్పినోడు రెండోవానికి ఇరువై గుంటలియ్యాలె."

"నీకున్నయే ఇరువై గుంటలు గదనే," అన్నాడు జగదీశ్.

"నేను తప్పితె గద!"

రాసుకున్నారు. సంతకాలు పెట్టారు.

పొద్దున జగదీశ్ వంతు, సాయంత్రం కాటయ్య వంతు. జగదీశ్‌ది పేరుకే తనిఖీ. అటూ ఇటూ చూసి, కోళ్ల గూడు పక్కనున్న ఊక బస్తాల మీద కూర్చుని, కాటయ్య భార్య వెంకటనర్సమ్మ ఇచ్చిన చాయ్ తాగి పోయేవాడు. కాటయ్యది అట్లా కాదు. బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టి కలిపేవాడు. పరుపులు ఎత్తేవాడు. ఒకసారి జగదీశ్ భార్య చంద్రకళ చీరల బీరువా తీయించాడు. కోదాడ నుంచి కోడలిగా వచ్చిన మనిషి. పరాయి మగవాడు తన చీరలు మడత విప్పుతుంటే గోడవైపు తిరిగి నిలబడింది.

పోయిన శనివారం జగదీశ్ బస్తా మీద కుదురుగా కూర్చోలేదు. ఇటు జరిగాడు, అటు జరిగాడు. చాయ్ సగం వదిలేశాడు.

"కాటన్నా, ఇరువై గుంటలంటే మస్తయితది. కరుణమ్మకు చెప్పి ఆ మాట కొట్టేపిద్దామా?"

"ఎందుకు పటేలా, భయమైతుందా?"

జగదీశ్ తాను కూర్చున్న బస్తా వైపు చూశాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

"సూసినవా," అన్నాడు కాటయ్య భార్యతో. "దొంగకు చెమటలు వడుతున్నయ్."

మళ్లీ శనివారం వచ్చింది. కాలువకు నీళ్లు వదిలారని కాటయ్య తెల్లారకముందే పొలానికి పోయాడు. తిరిగొచ్చేసరికి జగదీశ్ వచ్చి పోయాడన్నారు. కాటయ్య సాయంత్రం దాకా ఆగలేదు. అన్నం కూడా తినకుండా మిట్టమధ్యాహ్నమే జగదీశ్ షెడ్డులోకి దూరాడు.

ఎరువు సంచుల వెనక ఒక ఊక బస్తా ఉంది. ఎక్కడ దాస్తారో కాటయ్యకు తెలుసు. చెయ్యి భుజం దాకా దింపాడు. వేళ్లకు చల్లగా తీగ తగిలింది.

ఆ కేకకు ఊరు ఊరంతా వచ్చింది.

చుట్టను నేలకేసి కొట్టాడు కాటయ్య. "సూడుండ్రి పెద్దమనిషి సంగతి! తీగలు పెట్టనన్నడు, ఊకల దాసిండు!"

"ఎక్కడిదండీ ఇది?" చంద్రకళ భర్త ముందుకొచ్చి నిలబడింది. "మాట్లాడరేంటి?"

జగదీశ్ ఒకసారి కాటయ్య వైపు చూశాడు. జనం వెనక నిలబడ్డ వెంకటనర్సమ్మ వైపు చూశాడు. తల దించుకున్నాడు.

"నా షెడ్డుల దొరికింది. నాదే."

"అయితే నా బర్రెను సంపింది నువ్వేనన్నట్టు," అంది గోపమ్మ. ఆయన కాళ్ల ముందు ఉమ్మేసింది. నిన్నటిదాకా ఆయన వస్తుంటే లేచి నిలబడినవాళ్లు ఒక్కరూ అడ్డం పోలేదు. కరుణ కాగితం రాసింది. జగదీశ్ సంతకం పెట్టాడు. చంద్రకళ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

కాటయ్య ఊరి నడుమ నుంచి నడిచి ఇంటికొచ్చాడు. కాగితం భార్య ముఖం ముందు ఆడించాడు.

"ఇరువై, ఇరువై. ఇగ ఎకరం భూమి మనది!"

వెంకటనర్సమ్మ నవ్వలేదు. పొయ్యి ముందు నుంచి లేవనూ లేదు.

"పొద్దుగాల నువ్వు లేనప్పుడు పటేల్ మనింట్ల ఊక బస్తా ఒకటి అడిగి బండి మీద వేస్కపోయిండు. కోళ్లకన్నడు. ఆళ్లింట్ల కోళ్లే లెవ్వు గదయ్యా?"

కాటయ్య కోళ్ల గూడు దగ్గరికి పరుగెత్తాడు.

ఒప్పందం రాసుకున్న వారానికే మిర్యాలగూడలో కొన్న కొత్త తీగను తాను ఏ బస్తా అడుగున దాచాడో ఆ బస్తా అక్కడ లేదు, చేతిలోని కాగితం మీద మాత్రం తనవి పోవలసిన చోట జగదీశ్‌వి పోయిన ఇరవై గుంటలు ఉన్నాయి.