నీళ్ళెవరిచ్చారు?

"మళ్ళీ పెరిగాడు!" కొడుకుని తూకం మీంచి దించుతూ తల్లి అంది.

పిడుగు కళ్ళు ఉబ్బి గీతల్లా ఉన్నాయి. కాలి మీద ఆమె వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. కిడ్నీ జబ్బు. ఉప్పు మానెయ్యాలి, నీళ్ళు కొలిచి ఇవ్వాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పట్నుంచి వంటింటికీ స్నానాలగదికీ తాళాలు. పాపం, పిడుగు మంచం పక్కన ఇప్పుడు తోడున్నవి గాజు తొట్టెలో ఓ ఎర్ర చేప, చేదు మందు పీల్చుకునే స్ట్రా.

"వాడికి నీళ్ళెవరిస్తున్నారు వదినా?"

భర్త పోయాక తమ్ముడింట్లో తలదాచుకుంటున్న ఆడపడుచు తెల్లబోయింది. "నాకేం తెలుసమ్మాయ్?"

"నిన్న చెంబుతో వాడి గదిలోకి వెళ్ళారుగా!"

"అవి చేపకి. ఎండకి ఇగిరిపోతున్నాయి, రోజూ పోస్తున్నా."

"రోజూ చెంబుడా? కాకమ్మ కబుర్లు చెప్పకండి. ఒక్క గుక్క ఇస్తే ఏం పోతుందని మొన్న నాతో దెబ్బలాడింది మీరే కదా!"

"అడిగాను. వద్దన్నావు, ఇవ్వలేదు. కావాలంటే వాణ్ణే అడుగు."

తల్లి వంగింది. "నిజం చెప్పు నాన్నా. అత్తే ఇచ్చిందా?"

పిడుగు ఎండిన పెదాలు నాకున్నాడు. అత్తకేసి చూసి, ఔనన్నట్టు తలూపాడు.

అంతా వింటున్న తమ్ముడు "కొన్నాళ్ళు ఎక్కడైనా ఉండక్కా..." అని నసిగాడు. ఎక్కడో అతనికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

సాయంత్రం ఆమె సంచీ సర్దుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "చేపకి నీళ్ళు పొయ్యడం మర్చిపోకమ్మా" అంది.

"ముందు మీరు కదలండి" అంది మరదలు.

పీడ వదిలిందనుకుంది తల్లి. ఆ గదిలోకి ఇంకెవర్నీ రానివ్వలేదు, మొగుణ్ణి కూడా. కొలత గ్లాసు తనే పట్టించింది. చేప సంగతి ఆమెకి గుర్తే లేదు.

వారం తిరక్కుండా పిడుగు కళ్ళు పూర్తిగా మూసుకుపోయాయి. ఊపిరి ఎగపోస్తోంది. కారు తియ్యమని మొగుడి మీద కేకలేసి, ఆమె కొడుకు భుజాలు పట్టి కుదిపేసింది.

"ఎవరిచ్చార్రా నీళ్ళు?"

"అత్త" అన్నాడు వాడు, అలవాటుగా.

స్ట్రా వేలాడుతున్న గాజు తొట్టెలో చేప ఉత్త గులకరాళ్ళ మీద కొట్టుకుంటోంది.