ఉర్లగడ్డల మడి

పొన్నమ్మ విత్తనపు ఉర్లగడ్డల్ని, అదే బంగాళాదుంపల్ని, గంపతో సహా మరిగే నీళ్లలో ముంచి, కాసేపుంచి తీసింది. పైకి చూస్తే తోలు చెదరలేదు. లోపల ప్రాణం మాత్రం పోయి ఉంటుంది. కొంగుతో గబగబా తుడిచి, మళ్లీ గోతంలో పోసి, మూతి ఎప్పటిలాగే కట్టేసింది. ఏటా చేస్తున్న ఈ పని ఇది మూడోసారి. మొగుడి కంట పడకుండా వేడినీళ్లు పారబోసింది.

పెరట్లో ఆమె మొగుడు అంజప్ప గడ్డలు నాటడానికి బోదెలు తీస్తున్నాడు. గుడియాత్తం ఎండకు ఉర్లగడ్డ ఎక్కడొస్తుందని వీధంతా నవ్వింది. అతను ఎవరి మాటా పట్టించుకోలేదు. ఊటీలో దొర తోటలో ఎనిమిదేళ్లు ఉర్లగడ్డలు పండించిన మనిషాయె. ప్లేగు వచ్చి ఆరేళ్ల కూతురు పాపాతి పోకుండా ఉంటే, ఇంకా అక్కడే ఉండేవాడు.

కబురంది అతను ఇల్లు చేరేసరికే నెల దాటిపోయింది. పాపను వేలూరు ఆసుపత్రికి ఎత్తుకుపోయాననీ, దొరసాని డాక్టరు మందిచ్చినా దక్కలేదనీ, అక్కడే పూడ్చిపెట్టారనీ పొన్నమ్మ చెప్పింది. అంజప్ప అంతా విని తల ఊపాడు. ఎక్కడ పూడ్చారని ఆ రోజు అడగలేదు, ఈ రెండేళ్లలోనూ అడగలేదు. పాపం, తట్టుకోలేక అడగడం లేదనుకుంది పొన్నమ్మ.

అతనొచ్చిన మూడో రోజు పక్కింటి సుబ్బమ్మ వీళ్ల పెరట్లో ఖాళీగా ఉన్న మూలన తన మేకల్ని కట్టబోయింది. అంజప్ప వద్దన్నాడు. అక్కడ ఉర్లగడ్డలు వేస్తానని చెప్పి ఆ సాయంత్రానికే చుట్టూ ముళ్లకంప పాతాడు. పెరడంత పెరడుండగా ఆ మూలే కావలసొచ్చిందా ఈ మనిషికి, అనుకుంది పొన్నమ్మ.

పాపాతిని పూడ్చింది ఆ మూలనే.

వేలూరూ లేదు, దొరసానీ లేదు. జ్వరం తగిలిన వాళ్లను సర్కారు మనుషులు ఊరి బయట షెడ్లకు తీసుకుపోతున్నారు. పోయినవాళ్లు తిరిగి రారని వీధిలో అందరూ చెప్పుకుంటుంటే, బిడ్డను వదల్లేక పొన్నమ్మ మూడు రోజులు గింజల కుండల వెనక దాచిపెట్టింది. నాయనెప్పుడొస్తాడని అడుగుతూ అడుగుతూనే నాలుగో రోజు పాపాతి కన్నుమూసింది. బయటికి వినపడేలా ఏడవడానికి కూడా లేకపోయింది. గొయ్యి తానే తవ్వింది.

ఆసుపత్రికి ఎత్తుకుపోయి ఉంటే బతికేదేమో. ఆ ఒక్క మాటే ఆమెను లోలోపల తినేస్తోంది. సంగతి తెలిస్తే అంజప్ప జన్మలో తన మొహం చూడడు. అతను ఏ చిక్కుడో గుమ్మడో వేసుంటే ఏ బాధా లేకపోయేది, పైనే కాస్తాయి, తుంచుకుంటారు. ఉర్లగడ్డ పండిందంటే మాత్రం పార పెట్టి తవ్వి తీయాల్సిందే.

అందుకే ఈ వేడినీళ్లు. రెండేళ్లూ ఒక్క మొలక రాలేదు. ఆ మట్టిలో ఏదో నిలిచి ఉందనీ, మారెమ్మకు పొంగలి పెట్టమనీ సుబ్బమ్మ పోరు పెట్టింది. అంజప్ప విననట్టే ఊరుకున్నాడు. ఏమీ లేని బోదెలకు పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తాడు. మంచం కూడా అక్కడికే మార్చుకున్నాడు. నీళ్లు పోస్తూ నోట్లో ఏదో గొణుక్కుంటాడు. అతను పనికి పోయాక, మిట్టమధ్యాహ్నం పూట, కంప అవతల నుంచి నాయనెప్పుడొస్తాడని అడిగే గొంతు వినిపించేది పొన్నమ్మకు. తలుపు గడియ పెట్టుకుని చెవులు మూసుకునేది.

ఏటా విత్తనం పంపేది పళని, ఊటీలో అంజప్పతో కలిసి పనిచేసినవాడు. తన విత్తనానికి చెడ్డపేరొస్తోందని అతనికి ఉక్రోషం. ఈసారి గోతం ముందు పంపి, వెనకే తానూ రైలెక్కి వచ్చేశాడు. అప్పటికి అంజప్ప గడ్డల్ని ముక్కలు కోసి చేటలో పరిచాడు. పళని మడిలో మట్టి పిసికి చూశాడు, వాసన చూశాడు. మట్టి బంగారంలా ఉంది, అడుగున రాయో చెదపుట్టో ఉండాలి, మోకాటిలోతు తవ్వితే తేలిపోతుందన్నాడు. గోడకానించిన పార అందుకుని కంప దాటాడు.

పొన్నమ్మ పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది.

"వద్దన్నా. ఆడ తవ్వొద్దు."

"ఏమ్మా, ఏముండాది ఆడ?"

ఆమె మొగుడి వైపు తిరిగింది. మోసింది చాలు, ఏమైతే అదయింది అనుకుంది.

"నేను నీకొక మాట చెప్పాల. వేలూరికి పోయినానని చెప్తిని గదా..."

ఆ మాట పూర్తయ్యే లోపే అంజప్ప ఆమె భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాడు. పళని చేతిలో పార తీసుకుని కంప బయట పడేశాడు. పళనికి చిర్రెత్తింది. విత్తనమైనా చూస్తానంటూ చేట ముందు కూర్చున్నాడు. ఒక ముక్క తిప్పి చూశాడు, ఇంకొకటి చూశాడు. చేటంతా కెలికి తలెత్తాడు.

"అంజప్పా, ఏందిది? మొలక లేచేది గడ్డ మీదుండే కంట్లో నించి గదా. అన్నిట్లో ఆ కన్నే గీకి పారేసినావు. ఎనిమిదేండ్లు కోసిన చెయ్యి, నీకు తెలీకనా?"

పొన్నమ్మ చేటకేసి చూస్తూ నిలబడిపోయింది. అంజప్ప చెంబుతో నీళ్లు ముంచుకుని, ఖాళీ బోదె మీద మట్టి చెదరకుండా మెల్లగా పోశాడు.

"మొలిస్తే తవ్వాల గదప్పా, పాప లేస్తాది."