కదలని పెదాలు

“ప్రార్థన చెయ్యమని ఎవరన్నారమ్మా? పెదాలు కదిపితే చాలు. లోపల మీరేమనుకుంటారో మాకనవసరం” అన్నాడు బడి కమిటీ అధ్యక్షుడు.

లెక్కల టీచరు తల అడ్డంగా ఊపింది. “పిల్లలు చూస్తుంటారండీ. అబద్ధమాడొద్దని వాళ్లకి రోజూ చెప్పేది నేనే.”

పొడవాటి బల్ల వెనక ఏడుగురు కూర్చున్నారు. ఊరంతా ఓట్లేసి గెలిపించిన కమిటీ. చివరి కుర్చీలో ఆమె భర్త, మందుల షాపాయన, తల వంచుకుని ఉన్నాడు.

గొడవ చిన్న ప్రశ్నతో మొదలైంది. “టీచర్, ప్రార్థనప్పుడు మీ నోరు కదలదేం?” అని నాలుగో తరగతి పిల్ల అడిగింది. “నాకు నమ్మకం లేదమ్మా. నీకుంటే నువ్వు చేసుకో” అంది టీచరు. రెండేళ్ల కిందట ఆమె కొడుకు జ్వరంతో పోయాడు. ఆసుపత్రి వరండాలో మూడు రోజులు తిండీ నిద్రా మాని ప్రార్థించింది. ఆ తర్వాత ఆ మాటలు ఆమె నోట రాలేదు. పిల్ల అడిగిన మాట ఇంటికీ, ఇంటి నుంచి వీధికీ పాకి, గోరంత కొండంతై కమిటీ ముందుకొచ్చింది.

టీచరు సంచిలోంచి చట్టం పుస్తకం తీసింది. “సర్కారు బడిలో ఎవర్నీ ప్రార్థనకి బలవంతపెట్టకూడదని ఇందులో ఉంది.”

“ఉంటుందమ్మా, ఎందుకుండదూ!” అధ్యక్షుడు నవ్వాడు. “చట్టం మీకు హక్కిచ్చింది. జనం మాకు అధికారమిచ్చారు. ఏది గట్టిదో చూద్దాం.”

ఆమెను బయట కూర్చోమని, లోపల చీటీలు పంచారు. పేరు రాయనక్కర్లేని రహస్య ఓటు. పది నిమిషాలకి గుమాస్తా తలుపు తీశాడు. “తీర్మానం నెగ్గిందమ్మా. రేపట్నుంచి మీరు రానక్కర్లేదు” అన్నాడు నేల చూస్తూ.

భార్యాభర్తలు ఇంటికి నడిచారు. వాళ్లను చూసి పక్కింటావిడ తలుపేసుకుంది. లోపలికి రాగానే భర్త ఆమెను కూర్చోబెట్టి, తనే టీ కాచి తెచ్చాడు.

“ఆరుగురూ ఒకటైపోయారే. నీ వైపు వేసింది నేనొక్కణ్ణే.”

“వేస్తారని నాకు తెలుసు.” అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారి బయటికొచ్చింది ఆమెకి. “తెలిస్తే షాపు గడప ఎవరూ తొక్కరేమోనండీ!”

“తొక్కకపోతే పోనీ. బాబే పోయాడు, ఇంకేం పోతే ఏం?”

ఆమె అతని చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. “రేపే అప్పీలు చేస్తాను. కమిటీలో ఒక్కరు కాదన్నా పైవాళ్లు విచారణ జరపాలిట. మీ ఓటే నాకు ఆధారం.”

అతను ఖాళీ గ్లాసు తీసుకుని లేచాడు. దాన్ని చాలాసేపు కడిగాడు. “అంత తొందరేముంది? నాలుగు రోజులాగు. ఆ కాగితాలేవో నేను తెస్తాలే.”

నాకంటే ఈయనే ఎక్కువ నలిగిపోయారు పాపం అనుకుందామె.

పొద్దున అతను షాపు తెరవడానికి వెళ్లగానే, అప్పీలుకి కావలసిన తీర్మానం నకలు తనే తెచ్చుకుందామని ఆమె బడికి బయల్దేరింది. ఆవరణలో పిల్లలు వరుసల్లో నిలబడి ప్రార్థన చేస్తున్నారు. నాలుగో తరగతి పిల్ల ఒక్కతే తలతిప్పి చూసింది. పక్కనున్న పంతులమ్మ ఆ తలను ముందుకి తిప్పేసింది.

ఆఫీసు గదిలో గుమాస్తా తీర్మానం నకలు బల్ల మీద పెట్టి సంతకం అడిగాడు.

“ఊరంతా ఒకవైపేనని అనుకోకండి” అంది ఆమె సంతకం చేసి, తలెత్తి. “నాకు మా ఆయనున్నారు.”

గుమాస్తా నకలు ఆమె వైపు జరిపాడు. ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది. హాజరైన సభ్యులు ఏడుగురు. పడిన ఓట్లు ఏడు. కింది వరుస చదివింది.

తొలగింపుకు అనుకూలం: ఏడు.