సందు మొదట్లో ముసలాయన

రేపు పొద్దున జీవశాస్త్రం పరీక్ష.

రొఫైదాకి గ్రంథులన్నీ కలగాపులగం అయిపోయాయి. పైకి చదువుతుంటే గుర్తుంటున్నాయి, పుస్తకం మూస్తే పోతున్నాయి.

భౌతికశాస్త్రంలో ఇదివరకే మార్కులు పోయాయి. ఇందులోనూ పోతే పశువుల డాక్టరు చదువు దక్కదు.

ఈజిప్టులోని టాంటా ఊళ్లో ఆ సందు సందంతటికీ ఈ సంగతి తెలుసు. తెలియకేం? నిన్న మూడో అంతస్తు బాల్కనీలోంచి తనే అరిచి చెప్పింది.

నిన్న పాత సామాన్లవాడు గాడిదబండి మీద మైకు పెట్టుకుని వచ్చాడు.

"పాత ఫ్యాన్లు కొంటాం... పాత ఫ్రిజ్జులు కొంటాం..."

"నీ మైకు పగిలిపోను! పరీక్షుందయ్యా నాకు! పశువుల డాక్టర్ని అవ్వాలి నేను!"

పైనుంచి ఈతాకు టోపీ ఒక్కటే కనిపించింది. మైకు ఆగింది. బండి వెనక్కి తిరిగింది.

ఇవాళ సందులో చప్పుడే లేదు. ఎందుకు లేదో రొఫైదా ఆలోచించలేదు.

మధ్యాహ్నం బాల్కనీలోకి వచ్చిన తల్లి నజాత్ కిందికి చూసింది.

"పొద్దుటినుంచీ ఆ ముసలాయన సందు మొదట్లోనే నిలబడ్డాడే. ఒట్టి తల, ఎండలో. బుట్టలో మంచినీళ్లు పెట్టి తాడుతో దించనా?"

"వద్దమ్మా. వచ్చినవాళ్లందరి చెవిలో ఏదో ఊదుతున్నాడు. మన బాల్కనీ వైపే వేలు చూపిస్తున్నాడు. నాకు అక్షరం ఎక్కట్లేదు."

టీ తాగుతున్న మేనమామ అషూర్ లేచాడు.

"నేనడుగుతా ఉండు."

కిందికి దిగి గట్టిగానే అడిగాడు.

"ఏం పెద్దాయనా! ఆడపిల్ల ఉన్న ఇంటి వంక ఏంటా చూపులు?"

ముసలాయన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మెల్లగా బాబూ. పైకి వినబడుతుంది."

"వినబడనీ! నడు, నడు!"

ముసలాయన ఒకసారి బాల్కనీ వంక చూసి వెళ్లిపోయాడు.

అషూర్ మళ్లీ పైకి వచ్చి టీ అందుకున్నాడు.

"పంపించేశా. ఇక హాయిగా చదువుకో."

రొఫైదా పుస్తకం తెరిచింది. క్లోమం దగ్గరికి వచ్చిందో లేదో, కింద ఠంగుమని మోగింది.

గ్యాసు బండలు అమ్మే ఫరగల్లీ. తను వచ్చినట్టు తెలిసేలా రెంచితో బండ మీద కొడుతున్నాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. వెనకాలే పుచ్చకాయలవాడు గొంతెత్తాడు.

రొఫైదా బాల్కనీలోకి పరుగెత్తింది.

"ఫరగల్లీ బాబాయ్! కాస్త ఆ మోత ఆపవా!"

ఫరగల్లీ రెంచి దించి పైకి చూశాడు.

"ఇంకా చదువవ్వలేదా తల్లీ? ఆయన కనబడకపోతే అయిపోయిందనుకున్నా."

"ఏ ఆయన?"

"పొద్దుటినుంచీ మమ్మల్నందర్నీ ఆపిందాయనేగా! 'పిల్ల చదువుకుంటోంది, రేపు రండయ్యా' అని గడ్డం పట్టుకుని బతిమాలాడు. పెళ్లివాళ్ల సామాన్ల లారీని కూడా అటు తిప్పించాడు, డప్పులతో సహా."

అషూర్ టీ గ్లాసు కింద పెట్టాడు. ఎవరి వంకా చూడలేదు.

నజాత్ నీళ్ల సీసా తెచ్చి బుట్టలో పెట్టింది.

"మా కోసం ఆయనకెందుకు బాబాయ్ ఇంత శ్రమ?" అంది రొఫైదా.

"నేనూ అదే అడిగా. 'ఒక్క పూట బేరం పోతే పోయింది, డాక్టరయ్యాక నా గాడిదకి ఊరికే మందు రాస్తుందిలే' అన్నాడు." ఫరగల్లీ నవ్వాడు.

రొఫైదా తలెత్తి పెద్ద రోడ్డు వైపు చూసింది.

ఎంత పిలిచినా వినబడనంత దూరంలో, గుడ్డ చుట్టి కట్టేసిన మైకుతో ఒక గాడిదబండి మలుపు తిరుగుతోంది, దాన్ని తోలుతున్నవాడు బండిలోంచి ఈతాకు టోపీ తీసి తల మీద పెట్టుకుంటున్నాడు.