మాదిరి కాగితం

"అమ్మా, నంబరు ఇంకోసారి సూడు" అన్నాడు ముసలాయన, కిటికీ బయట నిలబడి.

అర్చన తలెత్తలేదు. పుంగనూరులో గిరిబాబు ఉప్పు గోడౌన్‌కి ఎగుమతి కాగితాలు రాసేది ఆమే. విదేశాలకు లోడు పోయే ప్రతిసారీ ఈయన ఎక్కడినుంచో ఊడిపడతాడు.

శాంపిల్ పొట్లం విప్పుతాడు. వాసన చూస్తాడు. చిటికెడు నాలుక మీద వేసుకుంటాడు.

ఆఫీసంతా 'ఉప్పు తాత' అని నవ్వుకునేది. పేరు అడిగినవాళ్లు లేరు.

కస్టమ్స్ వాళ్లు ప్రతి సరుక్కీ ఒక నంబరు పెడతారు. ఉప్పంతటికీ మొదటి నాలుగంకెలు ఒకటే. వంటకు పోయేదా, తోళ్లు కుళ్లకుండా మందు కలిపినదా అన్నది చివరి అంకెలు చెబుతాయి. అర్చన అంతదూరం చూడదు. ఫైల్లో ఒక మాదిరి కాగితం ఉంది. ఒకసారి పోర్టు దాటిన కాగితమని దాన్ని భద్రంగా ఉంచారు. తేదీ, లారీ నంబరు మార్చి మిగతాది దించేయడమే ఆ ఆఫీసు అలవాటు.

ఈసారి ముసలాయన తుపుక్కున ఉమ్మేశాడు.

"ఇది తోళ్లకేసే ఉప్పమ్మా. కాయితంలో తినేదని ఉండాది."

"మాదిరిలో అట్లే ఉండాది తాతా. యాల పానం తీస్తాండావు?"

"ఆ మాదిరి సూసి రాయొద్దు తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటా. లారీ ఆపు."

"సారు తిడతాడు. పో తాతా, నాకు పనుండాది."

అర్చన కిటికీ మూసేసింది.

కాటా వేయించుకుని లారీ రోడ్డెక్కింది. ముసలాయన రెండు చేతులూ చాచి దానికి అడ్డం నిలబడ్డాడు. బ్రేకు పడేలోపే అంతా అయిపోయింది.

లారీ స్టేషన్‌కి, ఉప్పు పరీక్షకు వెళ్లాయి. ఆయన చెప్పిందే నిజం. అది తింటే మనిషి బతకడు.

ఆయన పేరు మారప్ప అని పోలీసులు చెబితేనే తెలిసింది.

అప్పటినుంచి అర్చన కూరలో ఉప్పు వేయలేకపోతోంది. డబ్బా మూత తీస్తే చాలు, పొట్లం విప్పే ఆ వేళ్లే కనిపిస్తున్నాయి. ఒక్కసారి తలెత్తి ఉంటే ఆయన బతికేవాడు. ఆ మాట ఆమెను వదలడం లేదు.

వారం తర్వాత పోలీసులు ఫైలు అడిగారు.

అర్చన మాదిరి కాగితాన్ని బయటికి తీసి, మొదటిసారి వెనక్కి తిప్పింది. ఒక పాత పేపరు ముక్క అంటించి ఉంది. తినేదని రాసి మన దేశం నుంచి పంపిన తోళ్ల ఉప్పు తిని, ఎక్కడో ఒక బడిలో పదకొండుమంది పిల్లలు చనిపోయారన్న వార్త.

కాగితాన్ని మళ్లీ ముందుకు తిప్పింది.

అడుగున, 'తయారు చేసిన గుమస్తా' అన్నచోట, వెలిసిపోయిన నీలి సిరాతో మారప్ప సంతకం ఉంది.